వృద్ధమాతలు – మన కర్తవ్యము

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దినవారు మనలో పలువురు గలరు. ఆనాడు మన చేయి పట్టి దిద్దించిన తల్లులు నేడు వృద్ధులైరి. ఇపుడు వారికే మన చేయూత కావలసియున్నది.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970 వఱకు కర్నూలు జిల్లాయందుండి, పిమ్మట ప్రకాశము జిల్లాలో జేరినవి. జిల్లా మాఱినను అనావృష్టి మాఱలేదు. పంట చేతికి రాని యేట యువదంపతులు హైదరాబాదు, బెంగుళూరు మున్నగు పట్టణములకు కూలిపనికై పోవుదురు. ఇంటికడ ముసలివారును, పసివారును మిగులుదురు. ఫ్లోరైడు గల నీటిని చిరకాలము త్రాగుటచే కీళ్లును, వెన్నును బిగిసిన వృద్ధురాలే నీళ్లబిందె మోయవలసివచ్చుట యెంత దైన్యము!

ఈ సమస్య యీ ప్రాంతమునకే చెందినది గాదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి, ఆంధ్రప్రదేశమున స్త్రీ యొక్కతెకు సగటున 1.7 బిడ్డలు మాత్రమే. మునుపు నలుగురు పంచుకొన్న భారము ఇకమీదట ఒక్కరిపై బడును. ఆ యొక్కరు కూతురే కావచ్చును.

ప్రభుత్వమువారు 2024 జూలై నుండి వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలు చేసి, ఇంటికడనే యిప్పించుచున్నారు. ఇది మేలే. కాని జ్వరము వచ్చిననాడు గంజి కాచియిచ్చుటకును, వైద్యుని కడకు తోడుపోవుటకును రూపాయలు చాలవు, మనిషి కావలెను. పల్లెపల్లెను స్త్రీల పొదుపుసంఘము లున్నవి గదా! ఆ సంఘమువారే వంతులు వేసికొని, ఒంటరి వృద్ధులను దినమున కొకమాఱు పలుకరించి, ఒక బిందెడు నీరు తెచ్చియిచ్చిన నెంత యుపకారము!

మఱియొక సంగతి. తల్లిదండ్రుల పోషణమునకై 2007లో చేయబడిన చట్టమునుబట్టి, కొడుకులేకాక కూతుండ్రును బాధ్యులు. పోషణ లేని తల్లిదండ్రులు రెవిన్యూ డివిజను అధికారి కడనుండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇల్లుగాని పొలముగాని బిడ్డలకు వ్రాసియిచ్చునపుడు, తమ్ము పోషింపవలెనను షరతును దస్తావేజులోనే వ్రాయించుట శ్రేయము. ఆ షరతు తప్పినచో 23వ సెక్షను క్రింద దస్తావేజును రద్దుచేయించుకొనవచ్చును. నోటిమాటను నమ్మి వ్రాసియిచ్చినవారికి దానిని నిరూపించుట కష్టము.

కావున, మనకు అక్షరములు నేర్పిన యా చేత సంతకము చేయించుటకు ముందు, ఆ పత్రమును మనమే చదివి వినిపింతము. షరతు లేకున్న వ్రాయింతము. అది మనకు లాభమైనను నష్టమైనను సరియే.