మూసిన బండిలో పుట్టిన నీరు

గత క్రిస్మసు సెలవులయందు మేము నలువురు ఉపాధ్యాయులము తిరుపతినుండి, పడకలును పొయ్యియు అమర్చిన యొక అద్దెబండిలో హార్స్‌లీ కొండలకు పోయితిమి. మదనపల్లె సమీపముననున్న యీ కొండలు సముద్రమట్టమునకు రమారమి 4,100 అడుగుల యెత్తున నున్నవి. తిరుపతి యెండల కలవాటుపడిన మాకు అచటి చలి దుర్భరమయ్యెను. కిటికీలన్నియు బిగించి, లోపలనే కాఫీ కాచుకొని, తడితువ్వాళ్లను త్రాటిపై నారవైచి పరుండితిమి. వేకువను లేచిచూడగా అద్దములవెంట నీరు ధారలై కారుచుండెను. కప్పునుండి చుక్కలు దుప్పట్లపై రాలుచుండెను. పరుపుల అడుగుభాగము తడిసి ముద్దయైయుండెను. రాత్రి వాన లేదు. కప్పునకు చిల్లి యున్నదని మాలో నొకరు బండివానిని గట్టిగా మందలించిరి. పాపము, అతనియందు దోషమేమియు లేదు. ఆ నీరు మాదే.

ఎట్లన, వెచ్చనిగాలిలో నీటియావిరి యెక్కువగా నిముడును, చల్లనిగాలిలో తక్కువగా నిముడును. ఒక ఘనమీటరు గాలిలో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 17 గ్రాములును, 10 డిగ్రీల వద్ద 9 గ్రాములకు కొంచెము మించియు మాత్రమే యావిరి యుండగలదు. వెచ్చనిగాలి చల్లని యద్దమును తాకినపుడు మిగిలిన యావిరి నీరై దానిపై నిలుచును. గడ్డిపరకలపై మంచుబిందువులు నిలుచుటయు నిట్టిదే. విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు 1814లో ప్రకటించిన గ్రంథమున దీనిని చక్కగా వివరించెను.

ఇక లెక్క చూడుడు. నిద్రించు మనుష్యుని ఊపిరినుండియు చర్మమునుండియు గంటకు 30 మొదలు 40 గ్రాముల వరకు తేమ వెలువడును. నలువురము ఎనిమిది గంటలు పరుండితిమి గనుక రమారమి ఒక లీటరు నీరాయెను. బండిలోపలి చోటు 12 ఘనమీటర్లని యెంచినను, అందలి గాలి 200 గ్రాములకంటె నెక్కువ మోయజాలదు. తక్కినదంతయు అద్దములను, కప్పును, పరుపులను చేరవలసినదే. పొయ్యిలో ఒక కిలో గ్యాసు మండినచో ఒకటిన్నర కిలోల నీటియావిరి పుట్టునన్న సంగతి మరువరాదు.

బయట పొగమంచు క్రమ్మియుండగా కిటికీ తెరచిన తడి హెచ్చదా యని మా గణితోపాధ్యాయులు ప్రశ్నించిరి. హెచ్చదు. 12 డిగ్రీల గాలి తేమతో నిండియున్నను అందలి యావిరి 11 గ్రాములు మించదు. అది బండిలోనికి వచ్చి 20 డిగ్రీలకు వెచ్చబడినచో ఇంకను ఆరు గ్రాములను మోసికొని వెలుపలికి పోగలదు. అయితే ఐప్పసి వానలలో తిరుపతియందు బయటిగాలియే వెచ్చగను తేమగను ఉండును గనుక, అపుడింత ఫలము కలుగదు.

మరునాటి రాత్రి ఒక ప్రక్క కిటికీని రెండువ్రేళ్ల మేర తెరచి, ఎదుటి ప్రక్కనున్న దానిని అటులనే చేసితిమి. కాఫీ బయటనే కాచితిమి. తువ్వాళ్లను బయటనే యుంచితిమి. పరుపులక్రింద గాలి యాడుటకు సన్నని కఱ్ఱపట్టెలు పరచితిమి. చలికి మరియొక కంబళి కప్పుకొనవలసివచ్చెను. కుంపటి పెట్టుకొందమని యొకరనిరి గాని, మూసినచోట బొగ్గులపొగ ప్రాణాంతకమని మేము వలదంటిమి. తెల్లవారి అద్దముల అంచులు మాత్రమే చెమ్మగిల్లెను. వానిని గుడ్డతో నద్ది, ఆ గుడ్డను వెలుపల పిండితిమి. లోపల నారవేసిన ఆ నీరే మరల గాలిలో చేరును.

బండివానికి క్షమాపణ చెప్పుకొంటిమి. బూజు పట్టకుండ ఆ పరుపులను మేమే తిరుపతి యెండలో రెండు దినములు ఆరబెట్టి, మూడవనాడు అతనికి అప్పగించితిమి.