పక్కన కూర్చుని వినేవాళ్లు

మా బడిలో టీచర్లం ఇద్దరం, తరగతులు అయిదు. ఒకటి, రెండు తరగతులు నావి. మూడు నుంచి అయిదు దాకా సార్‌వి. మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు యాప్, మండలం నుంచి ఎప్పటికప్పుడు అడిగే వివరాలు, కాంప్లెక్స్ మీటింగులు అన్నీ పోను పాఠం చెప్పడానికి టైము దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే. ఒక్కో పిల్ల పక్కన కూర్చుని, ఆ పిల్ల చదువుతుంటే వినే టైము. నలభై మందికి తలా అయిదు నిమిషాలు అనుకున్నా రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. అంత టైము ఏ బడిలో ఉంది? కానీ చదవడం రావాలంటే ఆ అయిదు నిమిషాలు తప్పనిసరి. ఇల్లందులో డిగ్రీ చదివే పిల్లలు మా బడికి రావడం మొదలుపెట్టాక మా పిల్లలకు అవి దొరికాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఇల్లందు అనగానే చాలామందికి బొగ్గు గుర్తొస్తుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. పక్కనున్న సింగరేణి ఊరి పేరే తర్వాత కంపెనీ పేరయింది. మా నాన్న కూడా బొగ్గు బాయిలో పనిచేసినవాడే. పెద్దవాళ్లు ఇప్పటికీ మా ఊరిని బొగ్గుట్ట అనే అంటారు. అయితే పట్నం దాటి కొమరారం వైపో, టేకులపల్లి వైపో కాస్త దూరం పోతే కోయ గూడేలు, లంబాడా తండాలు వస్తాయి. పత్తి, మిరప, పోడు చేలు, వాటి వెనక అడవి. ఇక్కడి పిల్లల్లో చాలామంది బడికొచ్చిన మొదటి రోజే పూర్తిగా తెలుగులో కూర్చోవాల్సి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో పాత ఖమ్మం జిల్లా అక్షరాస్యత 65 శాతానికి అటూ ఇటూ ఉంది. అంటే, ఇంట్లో పుస్తకం పట్టుకుని చదివి వినిపించే మనిషి లేని పిల్లలు చాలామంది.

కాలేజీ పిల్లలు వచ్చేది ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం తరఫున. అది గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో నలభై వేల మంది విద్యార్థులతో మొదలైంది. చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు, ఏడాదికి 120 గంటలు సేవ చెయ్యాలి. దానికి తోడు ఏదో ఒక పల్లెలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. జనానికి కనిపించేది ఆ శిబిరమే. బ్యానరు, ర్యాలీ, నినాదాలు, వీధులు ఊడ్చడం, మొక్కలు నాటడం, ఆఖరి రోజు సభ. శిబిరాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల గూడెంలో ఏడు రాత్రులు పడుకుంటే ఆ పిల్ల చూపు మారుతుంది. కానీ చదువు ఏడు రోజుల్లో వచ్చేది కాదు. ‘చదువుకుందాం, ఎదుగుదాం’ అని వీధుల్లో అరిస్తే ఏ పిల్లకూ ఒక్క అక్షరం రాదు. నా మటుకు అసలు సొత్తు ఆ 120 గంటలు. వారానికి నాలుగు గంటల చొప్పున లెక్కేస్తే ముప్పై వారాలు. అంటే దాదాపు ఒక బడి సంవత్సరం!

మొదట చెయ్యాల్సింది, ఏ పిల్ల ఎక్కడుందో తెలుసుకోవడం. దీనికి ఒక మంచి పద్ధతి మన దేశంలోనే తయారైంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న ఆసర్ సర్వేలో వాడే కాగితం అది. ఆ సర్వేకి జిల్లాకు ముప్పై గ్రామాలు, గ్రామానికి ఇరవై ఇళ్లు ఎంచుకుంటారు. ఇంటికి వెళ్లి పిల్లల చేత చదివించేది స్థానిక వాలంటీర్లు, వాళ్లలో కాలేజీ విద్యార్థులు చాలామంది. కాగితం మీద నాలుగే ఉంటాయి: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లకు ముందు పేరా ఇవ్వాలి. సాఫీగా చదివితే కథ ఇవ్వాలి. తడబడితే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. అయిదు పదాల్లో నాలుగు చదివితే పదాల స్థాయిలో ఉన్నట్టు. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలు చాలు. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. 2024 ఆసర్‌లో దేశవ్యాప్తంగా పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 44.8 శాతం. సగానికి పైగా పిల్లలు ప్రాథమిక బడి దాటబోతూ కూడా ఒక చిన్న కథ చదవలేకపోతున్నారు.

ఇది చెబితే తల్లిదండ్రులు నమ్మరు. ‘మా పిల్ల నోటుబుక్కు నిండా రాస్తది కదా టీచర్’ అంటారు. రాస్తుంది, నిజమే. బోర్డు మీదున్నది ఒక్క వంకర పోకుండా దించేస్తుంది. అది చూసిరాత. తను రాసిన వాక్యాన్ని వేలు పెట్టి చదవమంటే నోరు మెదపదు. గుణింతం కూడా అంతే. క, కా, కి, కీ అని పాటలా మొత్తం అప్పజెబుతుంది. మధ్యలో ‘కు’ మీద వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ ‘క’ నుంచి మొదలుపెట్టి, లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా వచ్చి చెబుతుంది. నోటికొచ్చిన చదువు కంటికి రాలేదన్నమాట. తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు ఏ టీచర్‌కైనా తెలుసు. మ, య ఒకేలా కనిపిస్తాయి. ప, వ దగ్గర తికమక. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా పట్టదు. అక్షరాలన్నీ వచ్చి, గుణింతాలూ వచ్చిన పిల్ల ఒత్తు దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది.

ఒక పిల్ల సంగతి చెబుతాను. మూడో తరగతి, గూడెం పిల్ల. ‘అమ్మ’ అని చక్కగా చదివింది. పక్కనే ఉన్న ‘గుమ్మడి’ని ‘గు... మ... మ... డి’ అంది. ఆ రోజు వచ్చిన వాలంటీరు టేకులపల్లి వైపు తండా నుంచి వచ్చి బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న అబ్బాయి. పిల్ల ‘అమ్మ’ను చదవడం లేదనీ, బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడుతోందనీ అతనికి వెంటనే తెలిసిపోయింది. పలక తీసుకుని ‘మ’ రాశాడు, కింద ఒత్తు పెట్టాడు. పెదాలు గట్టిగా మూసి ‘మ్‌మ’ అని పలికి చూపించాడు. పిల్ల చేత కూడా అలాగే పెదాలు మూయించాడు. తర్వాత నిమ్మ, దిమ్మ, బొమ్మ, కొమ్మ. ఒత్తు అదే, ముందున్న అక్షరమే మారుతోంది. కాసేపటికి ‘గుమ్మడి’ దగ్గరికి తిరిగొచ్చారు. ‘గుమ్మడి’ అనేసి ఆ పిల్ల తనే ఉలిక్కిపడింది. తర్వాతి వారం ల ఒత్తు: పిల్ల, పల్లె, మల్లె, బెల్లం. ఆ తర్వాత ఒకనాడు బస్సు బోర్డు చూసి ‘ఇల్లందు’ అని చదివిందట. వాళ్ల అమ్మ పనిగట్టుకుని బడికొచ్చి చెప్పిపోయింది.

ఆ అబ్బాయి నాకంటే గొప్ప టీచరని కాదు. అతనికి ఆ పూట ఎదురుగా ఉన్నది ఒక్క పిల్ల. పైగా అదే ఒత్తు దగ్గర తనూ ఒకప్పుడు ఆగినవాడే. ‘నేను అయిదో తరగతిలో గానీ చదవలేదు మేడమ్’ అని తనే చెప్పాడు. మా దగ్గరికి వచ్చే వాలంటీర్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లు. పిల్లలు వాళ్లను అన్నా, అక్కా అని పిలుస్తారు. నన్ను టీచర్ అంటారు. టీచర్ ముందు తప్పు చదవడానికి భయం. అన్న ముందు ఆ భయం ఉండదు.

భాష సంగతి కూడా చెప్పాలి. నీళ్ల బొమ్మ చూపిస్తే కోయ పిల్ల ‘ఏరు’ అంటుంది, తండా పిల్ల ‘పాణి’ అంటుంది. ఇద్దరికీ నీళ్లు తెలుసు. పుస్తకంలో ఉన్న మాటే తెలియదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, బంజారా, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల పాఠాలు తయారు చేసి కొన్ని బడుల్లో మొదలుపెట్టారు. ఆ ఆలోచన చాలా మంచిది. అది అన్ని గూడేలకూ, తండాలకూ చేరి ఉంటే నేను ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. చేరని చోట మాకు దిక్కు ఆ భాష వచ్చిన కాలేజీ పిల్లలే. కథ చదివే ముందు లంబాడీలోనో కోయలోనో రెండు మాటలు చెబితే పిల్ల మొహం విచ్చుకుంటుంది. కోయ వాలంటీరు ఒకమ్మాయి తన అవ్వ చెప్పే కథల్ని కోయలోనే, తెలుగు లిపిలో చార్టు మీద రాసి తెచ్చింది. ఏ పాఠానికీ లేని గోల ఆ చార్టు చుట్టూ! పుస్తకాలు కొనలేని బడులకు ఇంకో దారి ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చూపించవచ్చు, ప్రింటూ తీసుకోవచ్చు.

కాలేజీ వయసు పిల్లలు చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1961లో క్యూబాలో బడులు మూసి లక్షమంది దాకా విద్యార్థులను పల్లెలకు పంపితే ఏడాదిలో దేశంలో నిరక్షరాస్యత నాలుగు శాతం లోపుకు పడిపోయింది. మన దగ్గర 1990ల్లో నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న ఆడవాళ్లే దూబగుంటలో సారాకు ఎదురు తిరిగారు. అవి పెద్దవాళ్ల చదువులు. చిన్నపిల్లల విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చిన పాఠాలు ముంబయివీ, ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌వీ. ముంబయి, వడోదరల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, పదో తరగతి దాకా చదివిన స్థానిక అమ్మాయిల చేత చెప్పిస్తే పిల్లలు బాగా పుంజుకున్నారు. దాన్ని పరిశీలించినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు. వాళ్లకు 2019లో నోబెల్ వచ్చింది. జౌన్‌పూర్ పల్లెల్లో వాలంటీర్లు బడి బయట చదువు శిబిరాలు పెట్టారు. వచ్చిన పిల్లలకు చదవడం వచ్చింది, కానీ వచ్చినవాళ్లే చాలా తక్కువ. అందుకే నేను గట్టిగా అంటాను: సాయంత్రం రచ్చకట్ట దగ్గర కాదు, బడి జరిగే వేళల్లో, బడిలోనే జరగాలి.

బడికే పిల్లలు రాని కాలం కూడా ఉంది. పత్తి ఏరే రోజుల్లో పెద్ద పిల్లలు చేలో ఉంటారు. జనవరి నుంచి మిరప కోతలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పోతాయి, చిన్నపిల్లలూ వెంటే. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆ డబ్బుతోనే వాళ్ల ఏడాది గడవాలి. ఇటు వాలంటీర్లకు సెమిస్టర్ పరీక్షలు వస్తాయి, వాళ్లూ మాయమవుతారు. అందుకని ఒక్కో పిల్లకు ఒక సన్న నోటుబుక్కు పెట్టాం. ఎవరు విన్నా ఆ రోజు ఎక్కడ ఆగిందో ఒక్క లైను రాయాలి. ‘య, మ కలుపుతోంది.’ ‘న ఒత్తు వచ్చింది, త ఒత్తు రాలేదు.’ నెల తర్వాత పిల్ల తిరిగొచ్చినా, వేరే వాలంటీరు వచ్చినా అక్కడి నుంచే మొదలవుతుంది. మా బడి మొత్తంలో అంతకు మించిన విలువైన రికార్డు నాకు కనిపించదు.

మా దగ్గర తల్లిదండ్రులకు అర్థమయ్యే గడువు ఒకటి ఉంది. అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టినప్పటి నుంచీ పేదింటి పిల్లలకు గురుకులం పెద్ద ఆశ. నాలుగో తరగతిలో ఉన్న పిల్ల ఆ పరీక్ష రాస్తుంది. ప్రశ్న చదవలేని పిల్లకు జవాబు తెలిసినా ఏం లాభం? లెక్క నోటితో చెబితే చేసే పిల్లలు, అదే కాగితం మీద చూసి తెల్లమొహం వేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఒక మాట మాత్రం ప్రభుత్వం ఎరగాలి. కాలేజీ పిల్లలు వస్తున్నారు కదా అని టీచర్ పోస్టులు ఖాళీగా ఉంచడానికి ఇది సాకు కాకూడదు. వాళ్లు వినడానికి వస్తున్నారు. నేర్పే బాధ్యత మాది, మమ్మల్ని నియమించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇక కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ చూసే లెక్చరర్లకు నా విన్నపం. శిబిరం దాకా ఆగకండి. జూన్‌లో బడి తెరిచిన రెండో వారమే మీ పిల్లల్ని పంపండి, పత్తి ఏరడం మొదలయ్యేలోపు మాకు మూడు నాలుగు నెలలు కలిసొస్తాయి. కోయ, లంబాడీ వచ్చినవాళ్లను ఏరి మొదట పంపండి. ఒకే వాలంటీరు ఒకే పిల్లల దగ్గరికి వచ్చేలా చూడండి, వారానికో కొత్త మొహం వద్దు. వచ్చేటప్పుడు బ్యానర్లు, టీషర్టులు అక్కర్లేదు. పలకలు మా దగ్గరున్నాయి. బలపాలు మాత్రం ఎప్పుడూ చాలవు, ఓ డబ్బా పట్టుకు రమ్మనండి.