నాలుగు గంటల పళ్ళెం

మామిడితోటల వాళ్ళకు గడియారంతో పనిలేదంటారు. నూజివీడు దగ్గరి మా యింట్లో మాత్రం ఒక్క వేళ గడియారం ప్రకారమే నడిచేది. సాయంత్రం నాలుగు గంటలకు మామయ్యగారు తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగుమీద కూర్చోవడం, అత్తయ్యగారు వేడివేడి పకోడీలో పునుగులో పళ్ళెంలో తెచ్చి ముందు పెట్టడం నేను కాపురానికి వచ్చిననాటి నుంచీ చూస్తున్నదే.

కిందటేడు ఆ పళ్ళేనికి గండం వచ్చింది. ఆయాసంగా వుందని డాక్టరుగారికి చూపిస్తే, రక్తపరీక్ష చేయించి కొలెస్టరాలు హెచ్చుగా వుందన్నారు. రోజూ వేసుకోవలసిన మాత్ర రాసి, నూనెలో దేవినవి మానమన్నారు. మామయ్యగారికి డెబ్బయి రెండేళ్ళు. చెప్పినమాట వినక తప్పదు.

మరునాటి నుంచి ఆయనకు వేరే పళ్ళెం ఏర్పాటయింది. వుడికించిన శనగలు, ఉప్పు లేదు, కారం లేదు, పోపు లేదు. పిల్లలకు మాత్రం వెనక వసారాలో చాటుగా పకోడీలు. చాటు అన్నది మన మాటేగాని, వేగుతున్న వుల్లిపాయ వాసనకు చాటెక్కడిది? నాలుగోనాడు బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల పొట్లంతో ఆయన మా అబ్బాయి కంటపడ్డారు. నేను అడగబోయేలోగా తనే అన్నారు: "అమ్మాయ్, నాకు పకోడీలమీద అంత మోజేమీ లేదమ్మా. ఆ వేరే పళ్ళెం చూస్తేనే రోగం జ్ఞాపకం వస్తోంది."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. పథ్యమంటే పంక్తిలోంచి ఒకరిని లేపి దూరంగా కూర్చోబెట్టడం కాదు. యింట్లో అందరూ యిష్టపడి తినేదే ఆయన గుండెకూ పనికివచ్చేదిగా వుండాలి. అటువంటిది మన వంటల్లో లేకపోతుందా?

వెతికేముందు శత్రువెవరో తెలుసుకోవాలి కదా. కొలెస్టరాలు వెన్న, నెయ్యి, మాంసం, గుడ్డులోని పచ్చసొన వంటివాటిలోనే వుంటుంది. గింజలనుంచి తీసిన నూనెల్లో వుండదు. నూనె డబ్బామీద "కొలెస్టరాలు లేదు" అని అచ్చువేయడం పాలల్లో ముల్లు లేదని చెప్పడం లాంటిదే. అయితే మన లివరు కూడా కొలెస్టరాలు తయారుచేస్తుంది. నెయ్యిలోనూ, పామాయిలులోనూ, కొబ్బరిలోనూ హెచ్చుగా వుండే సంతృప్త కొవ్వు రక్తంలో చెడ్డ కొలెస్టరాలును పెంచుతుంది. వనస్పతిలో వుండే ట్రాన్స్ కొవ్వు అంతకన్నా చెడ్డది. మనదేశంలో నూనెల్లోనూ కొవ్వుల్లోనూ అది నూటికి 2 వంతులకు మించరాదని 2022 నుంచి నిబంధన వుంది.

పప్పుగింజలు చేసేది దీనికి విరుద్ధమైన పని. వాటిలో నీటిలో కరిగే పీచు పేగుల్లోని పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. మళ్ళీ పైత్యరసం చేసుకోవడానికి లివరు రక్తంలోని కొలెస్టరాలును వాడుకోవలసి వస్తుంది. కెనడా పరిశోధకులు 26 పరీక్షల ఫలితాలను కలిపి 2014లో లెక్కకట్టారు. రోజూ సుమారు 130 గ్రాముల వుడికిన గింజలు తిన్నవారిలో చెడ్డ కొలెస్టరాలు సగటున నూటికి 5 వంతులు తగ్గిందట.

అంటే మామయ్యగారి శనగలలో తప్పులేదు. రుచి లేకపోవడమే తప్పు. అప్పుడు నాకు శ్రీరామనవమి వడపప్పు గుర్తుకొచ్చింది. నానిన పెసరపప్పులో పచ్చిమామిడి తురుము, పచ్చిమిర్చి కలిపి దేవుడికి పెడతాం. నూనె చుక్క లేకుండానే చేయి చాచి రెండోసారి అడుగుతాం. రుచి యెక్కడిది? పులుపుది! పులుపు వుంటే ఉప్పు సగమైనా నాలుక పోరుపెట్టదు. మామిడితోట పెట్టుకుని పులుపుకు వెతుక్కోవాలా?

నేను చేసిన పద్ధతి యిది. నలుగురికి ఒక గ్లాసు పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు వార్చి, పలచని గుడ్డలో మూటకట్టి వుంచితే మర్నాటికి మొలకలు వస్తాయి. పెద్దవాళ్ళకు పచ్చి మొలకలు పెట్టకుండా, మెత్తబడేదాకా ఆవిరిమీద వుడికించాలి, చిదిమిపోకూడదు. ఒక చెంచాడు వేరుశనగ నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి పోపువేసి కలపాలి. దించాక అరకాయ మామిడి తురుము, సన్నగా తరిగిన వుల్లిపాయ, కొత్తిమీర, కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు గుప్పెడు చల్లాలి. కొబ్బరి వద్దు, ఆ లోటు పల్లీలు తీరుస్తాయి. ఉప్పు అందరికీ వేసేదాంట్లో సగమే. కాయ దొరకని రోజుల్లో ఉప్పు వేయకుండా యెండబెట్టిన మామిడి ఒరుగులు నానబెట్టి, సన్నగా తరిగి వేసుకోవచ్చు. పైన ఆవకాయ మాత్రం తగిలించకండి, ఉప్పు తగ్గించిన ఫలం పోతుంది.

మొదటిరోజు అత్తయ్యగారు మూతి ముడుచుకున్నారు. నలభై యేళ్ళ పకోడీ చేయి ఆవిడది. పోపు మీరే పెట్టాలి, నాకు మాడిపోతుందన్నాను. అందులో కొంత నిజమూ వుంది. ఆ పోపు వాసనకు పిల్లలు వసారాలోంచి అరుగుమీదికి వచ్చారు. అందరికీ ఒకటే పళ్ళెం.

పదిరోజులు పోయాక మామయ్యగారు, "యిక మాత్ర మానేయనా?" అన్నారు. వీల్లేదన్నాను. పళ్ళెం మాత్రకు తోడేగాని మారు కాదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు గింజలు యెంత తినవచ్చో డాక్టరును అడిగే తినాలి.

యీ వేసవిలో ఆయన రోజూ గాలికి రాలిన కాయ ఒకటి కండువా కొంగున కట్టుకుని తెచ్చారు. బజారులో ధర పలకని కాయ అది. "యివాళ చిన్నరసం చెట్టుదమ్మా, పులుపు చూసి వెయ్యి" అని నా చేతికిచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవారు. బస్టాండు వైపు వెళ్ళడం లేదా అంటారా? పిల్లలు తినేసి తనకు తక్కువ మిగులుస్తున్నారని పేచీ పెట్టడానికే ఆయనకు పొద్దు చాలడం లేదు.