పాత సంచికలలోని రాక్షసులు

రాక్షసుడనిన మనకు భయము. రాక్షసుని బొమ్మయనిన వేడుక. 1947 జూలైలో వెలువడిన ‘చందమామ’ మాసపత్రిక ఈ వేడుకను తెలుగు బాలుర యిండ్లకు గొనివచ్చెను. బేతాళుల, రాక్షసుల బొమ్మలపై ప్రీతితో దాని పాత సంచికలను సేకరించువారు నేటికిని కలరు.

ఆ పత్రికకు ముఖచిత్రములు రచించిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళమున జన్మించి, 1992లో కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రములపై ‘వ.పా.’ అను సంతకము కానవచ్చును. లోపలి పుటలలో, శవమును భుజమున వైచుకొని నడచు విక్రమార్కుని శంకర్ పెక్కేండ్లు చిత్రించెను. దాసరి సుబ్రహ్మణ్యము రచించిన ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలకు ‘చిత్రా’ బొమ్మలు వేసెను.

ఇట్టి బొమ్మలందు కోరలను, గోళ్లను మాత్రమే చూడరాదు. శ్మశానమెంత భయంకరమో, శంకర్ గీసిన రాజు నడక యంత స్థిరము. భయము ప్రక్కనే ధైర్యమును నిలుపుటయే చిత్రకారుని నేర్పు.

చౌక కాగితము ఎండ తగిలినచో పసుపువారి పెళుసగును. చిరిగినచోట జిగురుపట్టీ అంటింపరాదు. కాలక్రమమున అదియే మరకయగును. ధారావాహికలను విడదీసి కుట్టించుకొనువారు కొందరు అట్టలను పారవైచిరి. కావున అట్ట చెడని సంచికకు సేకర్తలు ఎక్కువ విలువ నిత్తురు. సంచికలను నెలల వరుసను పేర్చి, తేమ సోకని చోట నుంచవలెను.

ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. తూకమునకు వేసిన సంచిక మరల చేతికి వచ్చుట దుర్లభము. మీ యింటి అటకపై ఒక్కటి యున్నను, చిత్తుకాగితములలో కలుపుటకు ముందు దాని అట్టపై సంతకమును చూడుడు.