చేపరొట్టెల సంత

పిల్లకు సంబంధం చూడాలంటే జాతకాలు కలిసినంత మాత్రాన సరిపోదు. ఇరుపక్షాలవారూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. మధ్యవర్తి కావాలి, విడిది కావాలి, భోజనాల ఏర్పాటు చూడాలి. వ్యాపార సంబంధాలూ అంతే! పది ఉత్తరాలకు తెమలని బేరం ఒక్కొక్కసారి ఒక పూట ముఖాముఖి మాటలతో తెమిలిపోతుంది. కాని నిన్నమొన్నటిదాకా ఒకరిమీద ఒకరు బాంబులు కురిపించుకున్న దేశాలవారిని ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగ? జర్మనీలోని హనోవర్ నగరంలో ఆ పని జరిగింది.

అది 1947వ సంవత్సరం. యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. ఓడిన జర్మనీని నాలుగు రాజ్యాలు పంచుకుని పాలిస్తున్నాయి. హనోవర్ బ్రిటిష్‌వారి వంతుకు వచ్చింది. నగరం నడిబొడ్డు చాలావరకు నేలమట్టమై ఉన్నది. తిండికి రేషను టిక్కెట్లే గతి. ఆ తిండిగింజలైనా విదేశాలనుంచి రావాలి. వాటిని కొనాలంటే డాలర్లు కావాలి. డాలర్లు రావాలంటే సరుకు బయటికి అమ్మాలి. సరుకును కళ్ళారా చూడనిదే కొనేవాడెవడు? తరతరాలుగా పేరుపడ్డ లైప్జిగ్ సంత చూడబోతే సోవియట్ భాగంలో ఉండిపోయింది. అందుచేత పడమటి భాగానికి వేరే సంత కావాలని బ్రిటిష్ అధికారులు నిశ్చయించారు.

నగరానికి దక్షిణంగా లాట్సెన్‌లో ఒక లోహపు ఫ్యాక్టరీ ఉండేది. యుద్ధకాలంలో విమానాల కోసం పనిచేసిన ఫ్యాక్టరీ అది. దాని షెడ్లలోనే ఆగస్టు 18వ తేదీన సంత తెరిచారు. సుమారు 1,300 మంది ఉత్పత్తిదారులు తమ సరుకును అక్కడ పెట్టారు.

ఆ రోజుల్లో జర్మన్ వ్యాపారి తనంతట తాను విదేశీయునితో ఒప్పందం చేసుకోవడానికి వీలులేదు. అమెరికా, బ్రిటన్ కలిసి నడిపే ఎగుమతి దిగుమతుల ఏజెన్సీ అనుమతి కావాలి. అలాంటి చిక్కులున్న చోట అమ్మేవాణ్ణీ, కొనేవాణ్ణీ ఒకచోట చేర్చడమే సగం పని.

మరి ఆకలి మాట? వచ్చినవారికి టిక్కెట్టు అడగకుండా చేపముక్క పెట్టిన రొట్టెలు ఇచ్చారు. టిక్కెట్టు లేని తిండి అంటే ఆనాడు పండుగే. జనం దానికి ‘చేపరొట్టెల సంత’ అని ముద్దుపేరు పెట్టారు!

సెప్టెంబరు 7 వరకు, 21 రోజులు జరిగిన ఆ సంతకు 53 దేశాలనుంచి 7 లక్షల 36 వేల మంది వచ్చారు. 1,934 ఎగుమతి ఒప్పందాలు కుదిరాయి. వాటి విలువ 3 కోట్ల 16 లక్షల డాలర్లు. శిథిలాల మధ్య బతుకుతున్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

విడిది సంగతి ఇంకా ముచ్చటైనది. తరువాతి సంవత్సరాలలో సంత పెరిగిన కొద్దీ హోటళ్ళు చాలక, హనోవర్ ఇల్లాళ్ళు తమ ఇళ్ళలో గదులు ఖాళీచేసి పరదేశీయులకు అద్దెకిచ్చారు. పొద్దున్నే కాఫీ, ఫలహారం పెట్టి సంతకు సాగనంపేవారు. అందుకే వారికి ‘సంతమ్మలు’ అనదగ్గ పేరు వచ్చింది. ఇంటి యజమానురాలికి నాలుగు డబ్బులు మిగిలాయి. వచ్చినవానికి ఆ దేశంలో తెలిసిన ఇల్లంటూ ఒకటి ఏర్పడింది. ఒప్పందం కాగితం మీద సంతకం ఎవరు చేసినా, అందులో ఈ ఇల్లాళ్ళ వంతు కూడా ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

ఆ సంత నేటికీ సాగుతున్నది. 2006లోనూ, 2015లోనూ మన దేశమే అక్కడ భాగస్వామ్య దేశం. 2015లో జర్మన్ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్, మన ప్రధాని నరేంద్ర మోదీ కలిసి దానిని ప్రారంభించారు.

ఈనాడు తెరమీద ముఖం చూసుకుంటూ ఏ దేశంవారితోనైనా మాట్లాడవచ్చు. అయినా యంత్రాన్ని చేత్తో తడిమి చూడాలనీ, అమ్మేవాడితో కలిసి ఒక ముద్ద తినాలనీ కొనేవాడికి ఉంటూనే ఉన్నది. పెళ్ళిపెద్దలకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు కదా!