‘ఎక్విటబుల్’ పంపకము – దాని యర్థము

సంఘ వ్యవహారములలోను, ప్రభుత్వపు టుత్తరువులలోను ‘ఎక్విటబుల్’ అను ఆంగ్ల విశేషణము తరచుగా కనబడుచుండును. దీనిని ‘సమానమైన’ అని తెనిగించుట తగదు. ఆ యర్థమునకు ‘ఈక్వల్’ అను వేరొక పదము కలదు. ఈక్వల్ అనగా తలకొక పాలు. ఎక్విటబుల్ అనగా ఎవరికి చెందవలసినంత వారికి చెందునట్టి న్యాయమైన పంపకము.

ఈ పదము సహకారోద్యమమునకు పాతచుట్టమే. 1844వ సంవత్సరమున ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున కొందరు నేతపనివారును, ఇతర శ్రామికులును కలిసి అంగడి తెరచి, తమ సంఘమునకు ‘ఎక్విటబుల్ పయనీర్ల సంఘ’మని పేరిడిరి. వాటా ధనమునకు పరిమితమైన వడ్డీ మాత్రమే యిచ్చి, మిగులును సభ్యులు కొన్న సరకుల విలువనుబట్టి పంచుట వారి పద్ధతి. ఓటు మాత్రము ఎన్ని వాటాలున్నను ఒక్కటే. ఓటు ఈక్వల్, మిగులు పంపకము ఎక్విటబుల్.

ఒక సంఘము ద్వారా ముగ్గురు రైతులు క్రమముగా 10, 20, 30 బస్తాల ధాన్యము అమ్మిరనుకొందము. రిజర్వు నిధికి తీయగా పంచదగిన సొమ్ము 600 రూపాయలు. తలకొక పాలైనచో ఒక్కొక్కరికి 200 రూపాయలు. బస్తాలనుబట్టి యైనచో 100, 200, 300 రూపాయలు. వాటాలనుబట్టి పంచినచో, పది బస్తాలే తెచ్చినను వాటాలు హెచ్చుగా గలవాడే పెద్దభాగము కొనిపోవును. ఎవరికి లాభమైన పద్ధతి వారికి న్యాయముగా తోచుట సహజము. కనుకనే కొలత చెప్పనిదే ఈ పదమునకు బలము లేదు.

నీటి పంపకమునందును ఇంతే. కృష్ణా జలవివాదమున బచావత్ ట్రిబ్యునలు 1976లో ముగించిన తీర్పున 2060 టి.ఎం.సి.ల నీటిని మూడు సమభాగములు చేయలేదు. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించినది. అదివరకే నీరు పారుచున్న ఆయకట్టుల అక్కరలకు ప్రాధాన్య మిచ్చుట ఆ తీర్పునందలి కొలతలలో నొకటి.

కావున సభ్యులారా, సర్వసభ్య సమావేశమున ‘ఎక్విటబుల్‌గా పంచెద’మని ఎవరైన చెప్పినప్పుడు చప్పట్లు కొట్టి ఊరకుండరాదు. ‘ఏ కొలతతో?’ అని అడుగుడు. చట్టమునకు లోబడి ఆ కొలతను నిబంధనలలో ముందే వ్రాయించుకొనుడు. సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట కొలతను వెదకుట కలహమునకు మూలము.