తారీఖు దాటితే లారీకి చిక్కే!

కరీంనగర్ గ్రానైటు కదలాలన్నా, రామగుండం బొగ్గు కదలాలన్నా, ఆదిలాబాద్ పత్తి, పెద్దపల్లి బియ్యం జిల్లా పొలిమేర దాటాలన్నా లారీయే దిక్కు. అరెకరమో ఎకరమో అమ్మి, మిగతా డబ్బు ఫైనాన్సులో తెచ్చి ఒక్క లారీ కొనుక్కున్న కుటుంబాలు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. టైరు అరిగితే కంటికి కనబడుతుంది. ఇంజనులో తేడా వస్తే చెవికి వినబడుతుంది. కాని సీటు వెనుక రెగ్జిన్ సంచిలో ఉన్న కాగితానికి గడువు తీరితే చప్పుడుండదు. దారిలో ఎవరైనా బండి ఆపినప్పుడో, జరగరానిది జరిగినప్పుడో ఆ సంగతి బయటపడుతుంది.

ఒక్కో కాగితానిది ఒక్కో లెక్క

కాగితాలన్నింటికీ ఒకటే తారీఖు ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. లారీ పన్ను మూడు నెలలకోసారి కట్టాలి. ఇన్సూరెన్సు ఏడాదికోసారి. ఎఫ్.సి. కొత్త బండికి రెండేళ్లు వస్తుంది. 2018 నవంబరులో మారిన నిబంధన ప్రకారం బండికి ఎనిమిదేళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా చేయించాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి వేరే. డ్రైవరు లైసెన్సు మరీ వేరే.

పర్మిట్ ఐదేళ్లకు ఇస్తారు. అయితే నేషనల్ పర్మిట్ లారీలకు ఇందులోనే ఒక మెలిక ఉంది. ఇతర రాష్ట్రాల్లో తిరగడానికి విడిగా ఇచ్చే ఆథరైజేషన్ ఒకసారికి ఏడాదికి మించి ఉండదు. దీనికి ఏటా 16,500 రూపాయలు కట్టాలి. పర్మిట్ మీద ఐదేళ్ల తారీఖు చూసి నిశ్చింతగా కూర్చున్నవారికి లోపలి కాగితం ఎప్పుడో చెల్లిపోయిందని పెన్‌గంగ వంతెన దాటాక గాని తెలియదు. మామూలు లారీకి 12 ఏళ్లు, ఎక్కువ ఇరుసులున్న బండికి 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ అసలు ఇవ్వరు. పాత బండి బేరమాడేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

పర్మిట్ రెన్యువల్‌కు గడువు తీరడానికి కనీసం 15 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలని చట్టం చెబుతోంది. ఆఖరు రోజున ఆఫీసు ముందు నిలబడితే అప్పటికే ఆలస్యమైనట్లే. ఎఫ్.సి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున అదనంగా కట్టాలని 2016 డిసెంబరులో కేంద్రం నిబంధన తెచ్చింది. దీనిమీద మన రాష్ట్రంలో ఆటో, లారీల వారు ఆందోళనలు కూడా చేశారు. బండి మూలన పడి ఉన్న నెలలకు కూడా రోజు లెక్కన గుంజడం ఏమిటన్న వారి మాటలో న్యాయం లేకపోలేదు.

లైసెన్సు విషయంలోనూ పాత అలవాటు పనికిరాదు. గడువు తీరినా 30 రోజుల వరకు లైసెన్సు చెల్లుతుందని పాతతరం డ్రైవర్లు ఇప్పటికీ అనుకుంటారు. ఒకప్పుడు అది నిజమే. 2019 సవరణతో ఆ వెసులుబాటు పోయింది. అదే సవరణ ట్రాన్స్‌పోర్టు లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లోడుతో సహా మొత్తం బరువు 3,000 కిలోలు మించని ట్రాలీలకు, చిన్న గూడ్సు బండ్లకు పర్మిట్ అక్కర్లేదు. అంతమాత్రాన ఎఫ్.సి., ఇన్సూరెన్సు కూడా అక్కర్లేదని కొందరు అనుకోవడమే విడ్డూరం.

అసలు ప్రమాదం జరిమానా కాదు

జరిమానా కట్టి బయటపడవచ్చు. యాక్సిడెంటు జరిగితే మాత్రం చెల్లిపోయిన పర్మిట్ ఇంటిమీదికి వస్తుంది. ఇన్సూరెన్సు కట్టాం గదా, కంపెనీ చూసుకుంటుందిలే అనే ధీమా అక్కడ పనిచేయదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక ఆటో కేసులో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఆటోకు పర్మిట్ లేదు. పర్మిట్ లేని బండికి పరిహారం భారం ఇన్సూరెన్సు కంపెనీ మోయనక్కర్లేదని కోర్టు తేల్చింది. బాధితులు నష్టపోకుండా కంపెనీ ముందుగా డబ్బు చెల్లించి, ఆ తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలన్నది. ఓనరు ఆ మొత్తానికి హామీ చూపాలని, బండిని కూడా జప్తులో ఉంచాలని ఆదేశించింది. 2018లో ఒక ట్రక్కు కేసులోనూ ఇదే మాట. పర్మిట్ లేకుండా బండి నడపడం పాలసీ షరతును మూలంలోనే ఉల్లంఘించడమని కోర్టు చెప్పింది.

అంటే ఏటా వేలకు వేలు ప్రీమియం కట్టిన మనిషే చివరకు పొలం అమ్మి పరిహారం కట్టాల్సి రావచ్చు. తప్పంతా ఒక్క తారీఖుది.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవారు మోసపోయేది కూడా పర్మిట్ దగ్గరే. పర్మిట్‌తో సహా బండి ఇస్తున్నామంటూ బేరం కుదురుస్తారు. కాని పర్మిట్ ఇచ్చిన అధికారి అనుమతి లేకుండా అది మరొకరి పేరు మీదికి మారదు. ఫైనాన్సు అప్పు తీరాక కూడా పని మిగిలే ఉంటుంది. ఫైనాన్సు వారితో ఫారం 35 మీద సంతకం చేయించి, ఆర్.సి.లో ఉన్న ఫైనాన్సు పేరు కొట్టివేయించాలి. కిస్తులన్నీ కట్టేశామన్న సంబరంలో దీన్ని మరిచిపోతే బండి అమ్మేనాడు తల పట్టుకోవాల్సిందే.

సంచి సర్దుకునే పద్ధతి

ఒరిజినళ్లు ఇంట్లో, జిరాక్సులు లారీలో పెట్టుకుని బయలుదేరే అలవాటు చాలామందికి ఉంది. జిరాక్సు చూపితే సరిపోదు. ఫోనులో తీసుకున్న ఫొటో కూడా చాలదు. 2018 నవంబరు నుంచి డిజీలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో ఉన్న కాగితాలను తనిఖీలో ఒరిజినల్‌తో సమానంగా చూడాలని నిబంధన ఉంది. మన రాష్ట్రంలో 2016లోనే ఆర్.టి.ఏ. ఎం-వాలెట్ వచ్చింది. అయితే ఫోను చార్జింగ్ అయిపోతే అన్నీ అయిపోయినట్లే గనుక కాగితాల సంచిని పారేయనక్కర్లేదు.

సంచి లారీతోపాటు వెళ్తుంది గనుక తారీఖుల జాబితా ఇంట్లో ఉండాలి. దేవుడి పటం పక్కన వేలాడే క్యాలెండరు చాలు. ఆథరైజేషన్, ఎఫ్.సి., ఇన్సూరెన్సు, పర్మిట్ గడువులు ఎప్పుడు తీరుతాయో ఆ రోజు మీద కాదు, దానికి నెల రోజుల ముందు తేదీ మీద గుర్తు పెట్టాలి. నాగ్‌పూర్‌లోనో కాకినాడలోనో అన్‌లోడింగ్ కోసం మూడు రోజులు పడిగాపులు పడే డ్రైవరుకు తేదీలు గుర్తుండవు. బడికి వెళ్లే కూతురో కొడుకో చూసి ఫోను చేస్తారు.

కాకినాడ సంగతికి వస్తే, 2014 జూన్ 2కు ముందు కరీంనగర్ నుంచి ఆ రేవు దాకా ఒకటే రాష్ట్రం. రాష్ట్ర పర్మిట్ ఉంటే చాలేది. ఇప్పుడది పరాయి రాష్ట్రం. అలాగే 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లకు వేర్వేరు కోడ్‌లు వచ్చాయి. ఏ.పి. 15, టి.ఎస్. 02, టి.జి. 02 నంబర్లు మూడూ కరీంనగర్‌వే. పాత నంబరు ఉన్నంత మాత్రాన చింత లేదు గాని, ఆర్.సి.లో చిరునామా పాతదైతే నోటీసులు పాత ఇంటికే పోతాయి. ఇల్లు మారితే 30 రోజుల్లో తెలియజేయాలి.

2025 అక్టోబరులో భోరజ్, వాంకిడి సహా రాష్ట్రంలోని రవాణా చెక్‌పోస్టులను ప్రభుత్వం మూసివేసింది. గేటు దగ్గర వరుస కట్టే బాధ తప్పింది. తనిఖీ మాత్రం తప్పలేదు. అధికారుల జీపు రోడ్డు మీద ఎక్కడైనా ఎదురుకావచ్చు. మహారాష్ట్రలో అడుగు పెట్టాక అక్కడివారు అడిగేదీ ఆ కాగితాలనే.

ఊళ్లలో ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం ఒకటుంది. పర్మిట్ ఉన్న ఓనరు చనిపోతే, బండి ఎవరి చేతికి వచ్చిందో వారు ఆ పర్మిట్ మీద మూడు నెలల వరకు లారీ తిప్పుకోవచ్చు. కాని చనిపోయిన 30 రోజుల్లోగా ఆ సంగతిని, పర్మిట్ తాము వాడుకోదలిచామన్న సంగతిని పర్మిట్ ఇచ్చిన అధికారికి తెలియజేయాలి. మూడు నెలల్లోగా తమ పేరు మీదికి మార్పించుకోవాలి. ఈలోగా పర్మిట్ గడువే తీరిపోతే ఈ సౌకర్యం కూడా ఉండదు. కర్మకాండలు, అప్పుల లెక్కలు, పంపకాల మధ్య ఆ 30 రోజులు ఇట్టే గడిచిపోతాయి. అప్పుడు పక్కింటివారి సలహాతో వేరే డ్రైవరును పెట్టి బండి తిప్పుతూ ఉంటే, ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి తనకు తెలియకుండానే పర్మిట్ లేని లారీకి ఓనరవుతుంది.